‘ట్రయల్ రన్ విజయవంతం’ అని రాసేముందు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. కార్తీక మాసం దగ్గరపడినప్పుడల్లా పత్రికల విజయవాడ పేజీల్లో ఒక ఫొటో కనిపిస్తూ ఉంటుంది. పున్నమి ఘాట్ దగ్గరో, దుర్గా ఘాట్ దగ్గరో కొత్త ఇంజను బిగించిన పర్యాటక బోటు ఒకటి పూలదండ వేసుకుని, కొట్టిన కొబ్బరి చెక్కలు ఇంకా అంచు మీదనే ఉండగా, భవానీ ద్వీపం వైపు బయలుదేరుతూ ఉంటుంది. ఫొటో కింద ‘ట్రయల్ రన్ విజయవంతం’ అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని చదివిన ప్రతిసారీ నేను అందులో లేని మాటల కోసం వెతుకుతాను. బోటులో ఎంత బరువు ఉంచి నడిపారు? ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది? ఎంతసేపు తిరిగింది? నీటి ఉష్ణోగ్రత ఎక్కడ నిలిచింది? ఇవి ఏ వార్తలోనూ నాకు కనిపించలేదు. విలేకరులను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు, ఎందుకంటే చాలాసార్లు బోటు యజమాని దగ్గర కూడా వాటికి సమాధానం ఉండదు.

నేను మొదట నిజాంపట్నం హార్బర్‌లో చేపల బోట్ల ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని, తరువాత విజయవాడ వచ్చి నది బోట్లకు ఇంజన్లు బిగించిన మెకానిక్‌ను. ఇప్పుడు పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాను. సముద్రం మీదకు వెళ్లే మత్స్యకారుడు కొత్త ఇంజన్ను మాట మీద నమ్మడు. తీరం కనుమరుగైన చోట ఇంజను ఆగితే లాక్కొచ్చే బోటు దొరకాలంటే ఎన్ని గంటలు పడుతుందో అతనికి తెలుసు కాబట్టి, ఐస్ నింపి, డీజిల్ నింపి, వలలు వేసుకుని, ఆ బరువు మీదనే పరీక్ష చేయించుకుంటాడు. నదిలో ఒడ్డు రెండు పక్కలా కనిపిస్తూనే ఉంటుంది. ఆ కనిపించడమే మన జాగ్రత్తను చెడగొట్టిందని నాకు అనిపిస్తుంది.

మన ఊరికి ఆటోనగర్ ఉంది కనుక ఇక్కడ డీజిల్ ఇంజను అంటే భయం లేదు. లారీ ఇంజన్ను విప్పి బిగించగల చేతులు ఈ ఊరిలో ఉన్నన్ని మరోచోట దొరకడం కష్టం. చిక్కు కూడా అక్కడే ఉంది. లారీకి పల్లం ఉంటుంది, ఖాళీగా తిరిగివచ్చే దారి ఉంటుంది, గేర్లు మార్చుకునే వీలు ఉంటుంది. పూర్తి బరువు మీద, పూర్తి వేగంతో అది ఏకధాటిగా పనిచేసే సమయం నిజానికి కొద్దిసేపే. బోటుకు పల్లం లేదు. ఒడ్డు విడిచిన దగ్గర నుంచి మళ్లీ ఒడ్డు చేరేవరకు ఎత్తు ఎక్కుతున్న లారీలాగే అది లాగుతూనే ఉంటుంది. పైగా దానికి ముందుకు వెళ్లడానికి ఒకటే గేరు కాబట్టి, వెనుక బిగించిన ప్రొపెల్లర్ ఎంత శక్తి అడిగితే ఇంజను అంత ఇచ్చి తీరాలి.

ప్రొపెల్లర్ అడిగే తీరు కూడా మనం అనుకున్నంత సూటిగా ఉండదు. చుట్ల వేగం పెరిగేకొద్దీ అది అడిగే శక్తి దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే పూర్తి వేగంలో 80 శాతం దగ్గర ఇంజను ఇస్తున్న శక్తి సుమారు 51 శాతం మాత్రమే. 90 శాతం వేగం దగ్గర కూడా అది 73 శాతం దాటదు. ఇంజను మీద అసలు భారం పడేదంతా ఆ చివరి పది, ఇరవై శాతం వేగంలోనే. ఘాట్ దగ్గర నుంచి ద్వీపం వరకు మెత్తగా నడిపి తిరిగివచ్చిన బోటు తన ఇంజనులో సగాన్ని మాత్రమే చూపించింది. మిగతా సగం ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

నా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆ బోటు ఎవరిదో చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. అరవై మంది కూర్చునే బోటుకు ఆరు సిలిండర్ల ఇంజను బిగించాము. తయారీదారు పుస్తకం ప్రకారం అది పూర్తి భారం మీద 2,200 చుట్లు తిరగాలి. పూజ రోజున నలుగురం మెకానిక్‌లం, యజమాని, ఆయన బంధువులు ఇద్దరు, పురోహితుడు ఎక్కాము. ఇంజను గది మూత తెరిచే ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తోసినప్పుడు 2,210 చుట్లు చూపింది. అందరూ చప్పట్లు కొట్టారు. మనిషికి 70 కిలోల చొప్పున అరవై మందికి 4,200 కిలోలు, అంటే యాభై కిలోల ఇసుక మూటలు 84 వేసి మళ్లీ నడపాలని నేను అడిగాను. “కృష్ణ ఒడ్డున ఉండి ఇసుక కొనమంటారా, మేస్త్రీ గారూ?” అని యజమాని నవ్వాడు. ఎలాగో ఒప్పించి మర్నాడు మూటలు వేయించాను. అదే నీటిలో, అదే యాక్సిలరేటర్ మీద ఇంజను వేగం 2,040 చుట్ల దగ్గరే నిలిచిపోయింది. వెనుక నల్లటి పొగ వచ్చింది. ప్రయాణికులు ఎక్కినప్పుడు ఉండే విధంగా ఇంజను గది మూత మూసేసరికి 1,990కి దిగింది.

దీని అర్థం ఏమిటో తెలిసినవారికి ఒక్క మాట చాలు: ప్రొపెల్లర్ ఆ ఇంజనుకు పెద్దది. ఇంజనుకు ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించే గవర్నర్ ఇంధనాన్ని పూర్తిగా వదులుతోంది, కానీ ఇంజను తాను తిరగవలసిన వేగాన్ని అందుకోలేకపోతోంది. వేగం అందకపోతే గాలి చాలదు, గాలి చాలకపోతే డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ నల్లపొగగా బయటికి వస్తుంది, లోపల ఎగ్జాస్ట్ వేడి హద్దు దాటుతుంది. ఇదంతా ఆ రోజే ఇంజన్ను ఆపదు. ఎగ్జాస్ట్ వాల్వులను, పిస్టన్ తలను, గాలిని ఒత్తి లోపలికి నింపే టర్బో ఉంటే దాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా తింటుంది. బోటు నడిపే సరంగు జాగ్రత్తపరుడై 1,900 దగ్గరే నడుపుతున్నా, ఆ వేగానికి ఇంజను భరించగలిగిన చివరి అంచుకు దగ్గరగానే అది నడుస్తూ ఉంటుంది.

ప్రొపెల్లర్ పిచ్‌ను, అంటే ఒక చుట్టుకు అది లెక్క ప్రకారం ముందుకు సాగే దూరాన్ని, ఒక అంగుళం తగ్గిస్తే చిన్న, మధ్యరకం బోట్లలో ఇంజను సుమారు 150 నుంచి 200 చుట్లు పైకి వస్తుందన్నది మా పనిలో అందరూ వాడే లెక్క. ఆ ప్రకారం ఒక అంగుళం తగ్గిద్దామని చెప్పాను. బోటును ఒడ్డుకు లాగాలి, ప్రొపెల్లర్ విప్పాలి, పనికి నాలుగు రోజులు పడుతుంది, సీజను నడుస్తోంది, పైగా పిచ్ తగ్గిస్తే బోటు వేగం తగ్గుతుంది అని యజమాని అభ్యంతరాలు చెప్పాడు. సీజను అలాగే గడిచింది. తరువాతి ఎండాకాలంలో రెండు ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోయి, ఒక పిస్టన్ పాడై, ఇంజను దిగింది. “ఇంజను మంచిది కాదు” అన్న పేరు మాత్రం మిగిలింది. ఇంజన్ను బాగుచేసి ఎక్కించినప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గించి, ఇంజను గదికి గాలి వచ్చే కిటికీలను పెద్దవి చేశాము. పూర్తి బరువు మీద మూత మూసి నడిపితే 2,220 చుట్లు తిరిగింది. యజమాని భయపడిన వేగం ఏమీ తగ్గలేదు, ఎందుకంటే అంతకుముందు ఇంజను తన పూర్తి శక్తిని ఒక్కరోజు కూడా ఇచ్చి ఉండలేదు.

గాలి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కనుక దాని గురించి మరొక మాట రాయాలి. ఆరు లీటర్ల ఇంజను 2,200 చుట్లు తిరిగేటప్పుడు నిమిషానికి 5,000 లీటర్లకు పైగా గాలిని పీల్చుకుంటుంది. పరీక్ష సమయంలో మెకానిక్‌లు తొంగిచూడడానికి వీలుగా మూత తెరిచి ఉంచుతారు కాబట్టి గాలికి లోటు ఉండదు. ప్రయాణికులను ఎక్కించుకున్న తరువాత ఆ మూత మీదనే బెంచీ వేస్తారు, చప్పుడు రాకుండా అంచులకు రబ్బరు కూడా బిగిస్తారు. మూత తెరిచినప్పుడూ మూసినప్పుడూ ఇంజను వేగంలో తేడా కనిపించిందంటే, ఆ గది ఊపిరాడక ఉందని ఇంజను స్వయంగా చెబుతున్నట్టు.

వేగాన్ని దేనితో కొలుస్తున్నామన్నది కూడా చూడాలి. డ్రైవర్ ముందు ఉండే మీటరు చాలా బోట్లలో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ నుంచి సంకేతం తీసుకుంటుంది. బెల్టు జారినా, ఎప్పుడైనా పుల్లీ సైజు మారినా అది తప్పు చూపుతుంది, అదీ ధైర్యంగా చూపుతుంది. క్రాంక్ పుల్లీకి మెరిసే టేపు ముక్క అతికించి, చేతిలో పట్టుకుని చుట్లను కొలిచే డిజిటల్ టాకోమీటరుతో సరిచూడడం రెండు నిమిషాల పని. దాని ధర ఈ బోట్లకు ఒక రోజు డీజిల్ ఖర్చును మించదు.

ఇక ఎండల సంగతి. మన దగ్గర కొత్త ఇంజన్ల పరీక్ష ఎక్కువగా కార్తీకానికి ముందో, సంక్రాంతి సెలవుల ముందో జరుగుతుంది. అప్పుడు గాలీ చల్లగా ఉంటుంది, నది నీరూ చల్లగా ఉంటుంది. ఆ చల్లదనంలో 80 డిగ్రీల దగ్గర కుదురుగా నిలిచిన కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతను చూసి అందరం తృప్తిపడతాము. కూలెంట్ వేడెక్కేకొద్దీ తెరుచుకునే థర్మోస్టాట్ ఇంకా పూర్తిగా తెరుచుకోనంత కాలం ఆ అంకె కదలదు కాబట్టి, చల్లబరిచే ఏర్పాటులో ఎంత మిగులు ఉందో మీటరు చెప్పదు. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్న తరువాత నది నీరు ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కూలెంట్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు 45 డిగ్రీలు తాకే ఊరు మనది. కనుక చలికాలంలో పరీక్ష చేసినవారు ఆ రోజు నది నీరు ఎన్ని డిగ్రీలు ఉందో, నది నీటితో కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లిన నీరు బయటికి వచ్చేసరికి ఎంత వేడెక్కిందో రాసిపెట్టుకుని, మే నెలలో ఒక మధ్యాహ్నం పూర్తి బరువు మీద మళ్లీ నడిపి చూడాలి. ఈ రెండో పరీక్ష చేయించుకున్న యజమానులు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే.

నది కూడా పరీక్షలో ఒక భాగమేనని మరిచిపోతుంటాము. ప్రకాశం బ్యారేజీ దగ్గర 12 అడుగుల నీటిమట్టం ఉన్నదని రోజూ చదువుతాము కానీ, ఆ లోతు ఎగువన అంతటా ఉండదు; ఇసుక మేటల మీద బోటు అడుగు నేలకు దగ్గరవుతుంది. లోతు తక్కువైన చోట నీరు బోటును వెనక్కి పట్టి లాగినట్టు ఉంటుంది, వెనుక భాగం కుంగుతుంది, ఇంజను మీద భారం పెరిగి చుట్లు తగ్గుతాయి. అందువల్ల లోతైన, తిన్నని దారిని ముందే ఎంచుకోవాలి; లేకపోతే ఇసుక మేట చేసిన తప్పును ప్రొపెల్లర్ మీద వేస్తాము. జీపీఎస్ చూపించే వేగం నేల మీద లెక్క కాబట్టి, ప్రవాహంతో ఒకసారి, ప్రవాహానికి ఎదురుగా ఒకసారి నడిపి సగటు తీయాలి. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు నీటిని పీల్చే గొట్టానికి అడ్డుపడడం కృష్ణలో రోజూ చూసేదే. పరీక్ష ముగియగానే ఆ చెత్తను ఆపే జల్లెడను (స్ట్రెయినర్) విప్పి చూస్తే గంట ప్రయాణంలో ఎంత చెత్త చేరిందో తెలుస్తుంది, దాన్నిబట్టి ఎన్ని ట్రిప్పులకు ఒకసారి శుభ్రం చేయాలో నిర్ణయించుకోవచ్చు.

ఇంజన్ను ప్రొపెల్లర్‌తో కలిపే షాఫ్ట్ అమరిక గురించి వివరంగా రాస్తే ఈ లేఖ మెకానిక్‌ల పుస్తకం అవుతుంది కాబట్టి ముఖ్యమైనది మాత్రం చెబుతాను. ఒడ్డున దిమ్మెల మీద ఉన్న బోటు ఆకారం వేరు, నీటిలో తేలుతున్న బోటు ఆకారం వేరు. ఒడ్డున ఇంజన్ను షాఫ్ట్‌తో సరిచేసి, నీటిలోకి దింపిన వెంటనే నడపడం తప్పు. ఒకటి రెండు రోజులు తేలనిచ్చి, ట్యాంకులు నింపి, ఇంజను వైపును షాఫ్ట్‌తో జతచేసే కప్లింగ్ రెండు ముఖాల మధ్య సందును నాలుగు వైపులా ఫీలర్ గేజితో (సన్నని రేకుల కొలత పరికరం) కొలవాలి. కప్లింగ్ వెడల్పులో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతుకు మించి తేడా ఉండకూడదన్నది సాధారణ నియమం. నాలుగు అంగుళాల కప్లింగ్ అయితే ఆ తేడా మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. పరీక్ష సమయంలో షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట నీరు రాకుండా బిగించే స్టెర్న్ గ్లాండ్ నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు పడుతూ ఉండాలి. అసలు పడకపోయినా ప్రమాదమే, ధారగా పడినా ప్రమాదమే. చేయి పెడితే గోరువెచ్చగా ఉండవచ్చు కానీ చుర్రుమనకూడదు.

ఘాట్‌కు తాళ్లతో కట్టి గేరు వేసి నడపడాన్నే పరీక్ష అనుకునేవారూ ఉన్నారు. లీకులు చూడడానికి, ఇంజను దిమ్మెలు ఊగుతున్నాయేమో చూడడానికి అది పనికివస్తుంది. బోటు కదలనప్పుడు ప్రొపెల్లర్ నీటిని మరింత బరువుగా తోస్తుంది కనుక అక్కడ ఇంజను పూర్తి వేగాన్ని అందుకోదు, అందుకోలేదని కంగారుపడనవసరమూ లేదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు, వేడి పెరిగినప్పుడు మోగవలసిన అలారాలు నిజంగా మోగుతున్నాయో లేదో మాత్రం కట్టి ఉంచినప్పుడే తేల్చుకోవాలి. తరువాత నదిలో ముందుకు పోతున్న బోటును రివర్స్‌లోకి వేసి ఎన్ని మీటర్లలో ఆగుతున్నదో చూడాలి, చుక్కానిని రెండు వైపులా చివరివరకు తిప్పి చూడాలి. ఎదురుగా మరో బోటు అడ్డం వచ్చినప్పుడు సరంగుకు పనికివచ్చే కొలత అదే.

కొత్త ఇంజన్ను మొదటిరోజే పూర్తి వేగంతో తోలితే పాడవదా అని యజమానులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రతి తయారీదారూ మొదటి గంటలలో ఎలా నడపాలో పుస్తకంలో రాస్తాడు, దాన్ని పాటించాలి. ముందు వేడెక్కనిచ్చి, రెండు వందల చుట్ల చొప్పున మెట్టుమెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర ఉష్ణోగ్రత నిలకడగా నిలిచేవరకు ఆగి, పుస్తకం అనుమతించినంతసేపు మాత్రమే చివరి మెట్టు మీద నడపవచ్చు. దీనికి పూర్తి విరుద్ధంగా, ముద్దుగా చూసుకుంటున్నామనుకుని కొత్త ఇంజన్ను వారాల తరబడి ఐడ్లింగ్ మీద, బరువు లేకుండా నడిపితే సిలిండర్ గోడలు అద్దంలా నునుపెక్కి, పిస్టన్ రింగులు కుదురుకోక, ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. నీలిపొగ రావడం దానికి గుర్తు. భారమే లేని ఇంజను కూడా పాడవుతుందంటే చాలామంది నమ్మరు.

2017 నవంబర్ 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర జరిగిన బోటు ప్రమాదంలో ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర అంతకంటే పెద్ద ఘోరం జరిగింది. ఆ ప్రమాదాలకు ఇంజన్లే కారణమని నేను అనడం లేదు. ఆ తీర్పు చెప్పడం నా పని కాదు. ఆ రెండింటి తరువాత లైఫ్ జాకెట్లు, అనుమతి పత్రాలు, ప్రయాణికుల సంఖ్య గురించి చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కూడా వచ్చింది. దాని ప్రకారం యాంత్రిక బోట్లకు సర్వే పత్రం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయితే నిండా జనంతో ప్రవాహానికి ఎదురు నడుస్తున్న బోటును తన అదుపులో ఉంచుకోవడానికి సరంగు చేతిలో ఉన్నది ఇంజను ఒక్కటే. ఆ ఇంజను అరవై మంది బరువును ఒక్కసారైనా మోసి చూపిందా అన్న ప్రశ్న ఆ చర్చల్లో నాకు వినపడలేదు.

అందుకే నా విన్నపం చిన్నది. ఇంజను బిగించిన తరువాత, లేదా మార్చిన తరువాత, పూర్తి బరువు మీద, మూత మూసి, అతిథులు ఎవరూ లేకుండా ఒక పరీక్ష జరగాలి. ఇసుక మూటలు మోసే కూలీ ఖర్చు ఒక్క ట్రిప్పు టికెట్ల డబ్బుతో తీరిపోతుంది. ఆ పరీక్షలో ప్రతి మెట్టు దగ్గర చుట్లు, కూలెంట్ వేడి, నది నీటి వేడి, ఆయిల్ ప్రెషర్, ఛార్జింగ్ వోల్టేజీ, రెండు దిక్కుల వేగం, పొగ రంగు ఒకే కాగితం మీద రాసి, బిగించిన మెకానిక్, సరంగు సంతకాలు చేసి, దాని నకలును బోటులోనే ఉంచాలి. ఆ కాగితం పరీక్ష రోజుకే కాదు, తరువాత కూడా పనికివస్తుంది. ఏడాది తరువాత అదే బరువు మీద ఇంజను 2,200కు బదులు 2,100 చుట్లే తిరుగుతుంటే, బోటు అడుగున పాచి పట్టిందో, ఇంజెక్టర్లు అరిగాయో, ప్రొపెల్లర్ రెక్క వంగిందో వెతకడానికి మెకానిక్‌కు ఒక ఆధారం దొరుకుతుంది. ఆ కాగితం లేకపోతే ‘మొదట్లో బాగానే లాగేది’ అన్న మాట తప్ప వాడి చేతికి ఏమీ రాదు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఈసారి పూలదండ వేసిన బోటు ఫొటో వచ్చినప్పుడు, మీ విలేకరి యజమానిని రెండు ప్రశ్నలు అడగాలి: ఎంత బరువు మీద నడిపారు, ఎన్ని చుట్లు తిరిగింది అని. వచ్చిన జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని, ఫొటో కిందనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత బోటు ఇంజను మెకానిక్,
విద్యాధరపురం, విజయవాడ